పోల్కా పేరు పట్టుకుని వెతక్కండి (అపోహలు - వాస్తవాలు)

మొన్న ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళ తాత ఐర్లండ్‌లోని కెర్రీ నుంచి బోస్టన్ వెళ్ళిపోయిన ఫిడేలు వాద్యకారుడు. ఆయన వాయించిన క్యాసెట్ ఒక్కటే మిగిలింది. దాని మీద పెన్సిల్‌తో ‘డెనిస్ మర్ఫీస్ పోల్కా’ అని రాసి ఉంది. పోల్కా అంటే గంతులేసే నాట్యానికి వాయించే ఒక రకం ట్యూన్. ఆ పేరుతో నెట్‌లో దొరికినవన్నీ విన్నారట, ఒక్కటీ కలవలేదు. “మా తాత తప్పు వాయించాడంటారా?” అని అడిగారు, చాలా టెన్షన్‌గా.

నేను ఐర్లండ్‌లోనే కార్క్‌లో పాత టేపులు విని, వాటిలో ఏ ట్యూన్ ఉందో రాసిపెట్టే పని చేస్తాను. ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: పేరు ఒకటైతే ట్యూన్ కూడా ఒకటే.

కాదు. డబ్బూ కాలమూ ఎక్కువ తినేసేది ఈ ఒక్క అపోహే. మన కృతికి పల్లవి మొదటి మాటే పేరు, కాబట్టి పేరు చెబితే పాట దొరుకుతుంది. పోల్కాకి సాహిత్యం లేదు. ఎవరి దగ్గర నేర్చుకుంటే వాళ్ళ పేరే దానికి పెట్టేస్తారు. సుబ్బమ్మగారి ఆవకాయ అంటే ఏ సుబ్బమ్మగారు? కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూక్రా ప్రాంతం ఐరిష్ పోల్కాలకి పుట్టిల్లు లాంటిది. డెనిస్ మర్ఫీ (1910-74) అక్కడి ఫిడేలు వాద్యకారుడు, ఆయనకి వచ్చిన ట్యూన్లకి లెక్కలేదు. ఆయన దగ్గర విని నేర్చుకున్న ప్రతివాడూ తను నేర్చుకున్నదాన్నే ‘డెనిస్ మర్ఫీస్’ అన్నాడు. ఇంకా చిత్రమేమిటంటే, ‘గన్ అనిమ్’ అనే పేరుతో వెతికి, అన్నీ వేరువేరుగా ఉన్నాయేమిటని అడిగేవాళ్ళున్నారు. ఐరిష్‌లో ఆ మాటకి ‘పేరు లేదు’ అని అర్థం!

నవ్వుతున్నాను గానీ, నేనూ ఇలా దెబ్బతిన్నవాణ్ణే. కొత్తలో లేబుల్ మీది పేరు చూసి అరవై యూరోలు పోసి ఒక 78 ఆర్‌పీఎం రికార్డు కొన్నాను. సూది పెట్టిన రెండో సెకనుకే తెలిసిపోయింది, అది వేరే పోల్కా అని. రెండో వైపు జిగ్ (ఇంకో రకం నాట్యపు ట్యూన్) ఉంది. ఆ రికార్డు ఇప్పటికీ అలమారలోనే ఉంది.

మరి ఎలా వెతకాలి? స్వరంతో. టైటానిక్ సినిమాలో కింది డెక్ మీద గంతులేసే సీన్ గుర్తుందా? అక్కడ గేలిక్ స్టార్మ్ బృందం వాయించిన వాటిలో ‘జాన్ రయన్స్ పోల్కా’ ఒకటి. దాని మొదటి రెండు బార్లు (మన తాళపు ఆవర్తాల్లాంటివి) మన స్వరాల్లో రాస్తే: పై షడ్జంతో ‘స స, ధనిసధ’, తర్వాత ‘ప గ ప గ’. కాలు తట్టే చోట పడే స్వరాలు మాత్రమే ఏరితే స, ధ, ప, ప. ఈ నాలుగే దాని వేలిముద్ర. ఇదే పోల్కాని 1974లో ప్లాంక్స్టీ బృందం ఇంకో రెండిటితో కలిపి రికార్డు చేసింది, అందులో మొదటిది మళ్ళీ ఒక ‘డెనిస్ మర్ఫీస్’. పేరు చెరిపేసినా, ఈ వేలిముద్రతో రెండు చోట్లా ఇట్టే పట్టుకోవచ్చు. ఐరిష్ ట్యూన్లు సేకరించిన బ్రెండాన్ బ్రెహ్నాక్ (1912-85) ఇదే పద్ధతిలో స్వరాలని అంకెలుగా మార్చి, వేల ట్యూన్లకి కార్డులు రాసుకున్నాడు.

శ్రుతి గురించి బెంగపడకండి. పాత టేపులు స్పీడు తప్పుతాయి, ఫిడేళ్ళు అర స్వరం అటూ ఇటూ ఉంటాయి. ముందు ‘స’ ఎక్కడుందో పట్టుకోండి, మిగతావి దాన్నిబట్టి రాసుకోండి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తా.

ఓనీల్ పుస్తకాల్లో లేదు కాబట్టి అసలైనది కాదు అంటారు. షికాగో పోలీసు అధికారి ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1850 ట్యూన్లు, 1907లో 1001 ట్యూన్లు అచ్చు వేశాడు, నిజమే. కానీ ఆ రెండిటిలోనూ పోల్కాలకి విభాగమే లేదు! లేని చోట వెతికి ఏడవడం ఎందుకు?

కాగితం మీద ఉన్నదే కరెక్టు, వాయించినవాడిదే తప్పు అంటారు. వాయించేవాడు మూడుసార్లు మూడు రకాలుగా తిప్పుతాడు, రాసేవాడు అందులో ఒకటి రాస్తాడు. అంతే.

అంకెలున్న పాత కాగితం పిచ్చిగీతలని పారేయబోయారు ఒకరు. ప్రాణం ఉసూరుమంది. ఫిడేలు మాస్టారు పాడ్రిగ్ ఓకీఫ్ (1887-1963) శిష్యులకి అలాగే రాసిచ్చేవాడు: ఐదు గీతల మధ్య నాలుగు ఖాళీలు నాలుగు తీగలు, అంకెలు వేళ్ళు, సున్నా అంటే వేలు పెట్టని తీగ. మర్ఫీ, ఆయన అక్కచెల్లెళ్ళలో ఒకరైన జూలియా క్లిఫర్డ్ కూడా ఓకీఫ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. దయచేసి ఏ కాగితమూ పారేయకండి.

ఇక దీక్షితార్ నొట్టుస్వరాలు (పాశ్చాత్య బాణీలకి ఆయన కట్టిన పాటలు) ఐరిష్ పోల్కాలనే వాట్సాప్ ఫార్వర్డు. ఆయన 1835లో పోయారు. బొహీమియాలో పుట్టిన పోల్కా పిచ్చి లండన్‌కి ఎక్కింది 1844లో. చాలు.

ట్యూన్ పాతదైనంత మాత్రాన దాని రికార్డింగ్‌ని ఎవరైనా ఊరికే వాడేసుకోవచ్చని కాదు, అదీ చూసుకోండి.

అన్నట్టు, బోస్టన్ తాతగారి పోల్కా దొరికింది. మనవడి చేత ఫోన్‌లోనే మొదటి రెండు బార్లు కూనిరాగం తీయించి వెతికితే, ఒక అచ్చు పుస్తకంలో పేరు లేకుండా నంబరు కింద ఉంది. రెండో భాగం నాలుగో బార్‌లో మాత్రం పెద్దాయన పుస్తకంలో లేని మెలిక ఒకటి వేశాడు. అది చెబితే మనవడుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ ముక్క ఒక్కసారి మళ్ళీ వినిపిస్తారా?” అన్నారు.