స్పాక్ కన్నీళ్లు ఏ సగానివి?

2025 ఆగస్టు చివర్లో ప్రసారమైన అంతరిక్ష యాత్రల అమెరికన్ టీవీ ధారావాహిక ‘స్టార్ ట్రెక్: స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ భాగమొకటి, స్వభావం నెత్తుటిలో ఉంటుందా, పెంపకంలోనా అన్న పాత తగవును అభిమానుల్లో మళ్లీ లేపింది. అందులో కెప్టెన్ పైక్, ఉహూరా, చాపెల్, లాన్ అనే నలుగురు మనుషులు ఒక గ్రహం మీద పని చక్కబెట్టుకు రావడానికి మందు ఎక్కించుకొని, భావోద్వేగాలను అణచుకునే గ్రహాంతర జాతివారైన వల్కన్‌లుగా మారతారు. చెవులు మొనదేలడంతో మార్పు ఆగదు. చూస్తుండగానే మాట బిగుసుకుంటుంది, చిరునవ్వు మాయమవుతుంది, తల్లి మనిషి, తండ్రి వల్కన్ అయిన స్పాక్ వాళ్ల కంటికి ఆనడు. నవ్వించడానికి రాసిన కథే కావచ్చు. కానీ ఈ కథాలోకం తన గురించి తాను చెప్పుకున్న చరిత్ర ప్రకారం వల్కన్‌ల నిగ్రహం నెత్తుటిలో ఉన్నది కాదు. ఆవేశంతో ఒకరినొకరు చంపుకున్న ఆ జాతి, సురాక్ అనే తాత్వికుడి బోధ విని, తరతరాల సాధనతో అలవరచుకున్నది. సాధనతో వచ్చేది మందుతో ఎలా వస్తుందన్నదే అభ్యంతరం.

ఈ తడబాటు వయసు దాదాపు 60 ఏళ్లు. 1966 సెప్టెంబరు 8న స్టార్ ట్రెక్ మొదటి ధారావాహిక మొదలైన నాటికి అమెరికాలోని పలు రాష్ట్రాల్లో తెల్లవారు, నల్లవారు పెళ్లాడటం నేరం. వర్జీనియా 1924లో చేసిన చట్టం, ఒక చిన్న మినహాయింపు తప్ప, ఇతర జాతుల నెత్తురు జాడ కూడా లేనివారే తెల్లవారని తేల్చింది. ఆ రాష్ట్రానికే చెందిన లవింగ్ దంపతుల కేసులో 1967 జూన్ 12న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేవరకు అలాంటి నిషేధాలు 16 రాష్ట్రాల్లో చెల్లుబాటయ్యాయి. మరుసటి ఏడాది గాలప్ సర్వేలో ఇలాంటి పెళ్లిళ్లను ఆమోదించినవారు నూటికి 20 మందే. తెలుగులోనూ ‘సంకర’ అన్న మాట పత్తి విత్తనానికో పాడి ఆవుకో తగిలిస్తే మెప్పు, మనిషికి తగిలిస్తే తిట్టు. అందువల్ల ఆ సంకోచం మనకు అర్థం కానిదేమీ కాదు. ప్రసార సంస్థ ఎన్‌బీసీకి కూడా స్పాక్ రూపం మీద గుబులు ఉండేది. తొలి ప్రచార పత్రంలో అతడి చెవుల మొనలను, పైకి లేచిన కనుబొమలను ఫొటోలో చెరిపి మామూలు మనిషిలా చూపించారు.

తీర్పు వచ్చిన అయిదు నెలలకు, 1967 నవంబరులో, డి.సి. ఫాంటానా రాసిన భాగంలో స్పాక్ తల్లిదండ్రులు తొలిసారి తెర మీదికి వచ్చారు. అందులో తల్లి అమాండా కొడుకుతో చెప్పే మాటలు గమనించదగినవి. అయిదేళ్ల వయసులో, నువ్వు అసలు వల్కన్‌వే కాదని తోటి పిల్లలు ఏడిపిస్తే, స్పాక్ పెదవి బిగించుకొని ఇంటికి వచ్చాడట. లోపల అతడిలోని మానవ భాగం ఏడుస్తోందని తనకు తెలిసిందట. ఎంత మనసు కరిగించే సన్నివేశమైనా, అవహేళనకు గురైన పిల్లవాడి ఏడుపును అతడిలో ఒక భాగానికే రాసిచ్చేయడం అక్కడే మొదలైంది. ఇకపై ఈ ధారావాహికల్లో మిశ్రమ సంతతి అంటే ఒక శరీరంలో ఇద్దరు వాటాదార్లు.

చూసేవాళ్లు మాత్రం ఆ వాటాల లెక్కతో ఆగలేదు. నల్లజాతి తల్లికి, తెల్లజాతి తండ్రికి పుట్టిన ఒక టీనేజీ అమ్మాయి 1968లో, తనను ఎవరూ కలుపుకోవడం లేదని స్పాక్ పేరిట ఒక పత్రికకు ఉత్తరం రాస్తే, ఆ పాత్రధారి లెనార్డ్ నిమాయ్ అదే పత్రికలో సుదీర్ఘంగా జవాబిచ్చాడు. పదిమంది మెప్పు కోసం పాకులాడటం కన్నా తన విలువ తాను ఎరగడం మేలని స్పాక్ నేర్చుకున్న తీరును ఆ అమ్మాయికి వివరించాడు. ఉక్రెయిన్ నుంచి బోస్టన్‌కు వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు కాబట్టి బయటివాడిగా ఉండటమంటే ఏమిటో అతడికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వేర్వేరు గ్రహాలవారికి అసలు సంతానం ఎలా కలుగుతుందన్న చిక్కును 1993లో, అందరికీ ఒకే ప్రాచీన జాతి బీజం వేసిందన్న కథతో సర్దేశారు. ఆ సర్దుబాటుతో ఇక్కడ పెద్ద పేచీ లేదు.

వాటాల లెక్కను అక్షరాలా అమలు చేసింది ఈ పరంపరలోనిదే అయిన ‘వాయేజర్’ ధారావాహికలో 1995 మేలో వచ్చిన భాగం. తల్లి క్లింగాన్ (నుదుటి మీద గట్లుండే యోధ జాతి), తండ్రి మనిషి అయిన ఇంజనీరు బెలానా టోరెస్‌ను ఒక శాస్త్రవేత్త రెండు మనుషులుగా విడదీస్తాడు. క్లింగాన్ బెలానాకు ధైర్యం, కోపం. మానవ బెలానాకు భయం, ఆలోచన. రక్తమే స్వభావమని ఇంతకన్నా మొరటుగా చెప్పడం కష్టం. అయితే ఆ భాగంలోనే మానవ బెలానా నున్నటి నుదురు తడుముకుంటూ, చిన్నప్పుడు నుదుటి గట్లు కనబడకుండా టోపీలు, స్కార్ఫులు చుట్టుకునేదాన్నని చెబుతుంది. ఆ టోపీ పెట్టించింది జన్యువు కాదు, చుట్టుపక్కల జనం.

2001 జనవరిలో రచయితలు అక్కడికే తిరిగి వచ్చారు. గర్భంలోని ఆడపిల్ల ఎలా ఉండబోతుందో కాంతిచిత్రంలో చూసిన బెలానాకు ఆ నుదుటి గట్లే కనిపిస్తాయి. వాటిని జన్యుచికిత్సతో తీసేయించాలని పట్టుబడుతుంది, ఎవరూ ఒప్పుకోకపోయేసరికి నౌకలోని కంప్యూటర్ డాక్టరు బుద్ధినే మార్చేస్తుంది. కారణం ఆమె చిన్ననాటి గాయం: ఇద్దరు క్లింగాన్‌లతో కాపురం కష్టంగా ఉందని తండ్రి తన అన్నదమ్ముడితో అనడం చాటుగా వింది, కొద్ది రోజులకే ఆయన వెళ్లిపోయాడు. తొలిసారిగా ఒకటికి మించిన జాతులను నమోదు చేసుకునే వీలిచ్చిన 2000 నాటి అమెరికా జనగణన ముగిసిన మరుసటి ఏడాదే ఇది ప్రసారమైంది. మొత్తం పరంపరలో ఇదే నిజాయితీ గల కథ అని నా అభిప్రాయం. రూపం మార్చాలన్న కోరిక ఇక్కడ యంత్రం పొరపాటు వల్ల కాక తల్లి భయంలోంచి పుట్టింది.

పోటీ ధారావాహిక ‘బాబిలాన్ 5’ 1994లోనే మరో దారి తొక్కింది. మిన్‌బారీ జాతి రాయబారి డెలెన్ తన ఇష్టంతోనే గూడులో చేరి సగం మనిషిగా బయటికి వస్తుంది. స్వభావం మారదు. కొత్తగా మొలిచిన జుట్టును ఏం చేయాలో తెలియక ఇవానోవా అనే మానవ అధికారిణి సాయం అడుగుతుంది. సొంతవారు ఆమెను పాలకమండలి నుంచి తప్పిస్తారు. శరీరం మారితే అలవాట్లు నేర్చుకోవాలని, అనుమానం మాత్రం అడక్కుండానే వస్తుందని ఆ రచయితలకు తెలుసు.

నిజానికి 2025 నాటి అభ్యంతరానికి జవాబు అదే ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’లో రెండేళ్ల ముందే ఉంది. 2023 జులైలో వచ్చిన భాగంలో స్పాక్ ప్రమాదవశాత్తూ పూర్తి మనిషిగా మారిపోతాడు. కాబోయే అత్తగారు విందుకు వచ్చే వేళకు కూడా నయం కాదు. పంది మాంసం రుచికి పరవశించడం, ఊరికే చిరాకు పడటం చూస్తే ఇక్కడా పాత లెక్కే అనిపిస్తుంది. కానీ అతికించిన చెవులతో విందుకు కూర్చుని, సలసల కాగే టీ పాత్రను వట్టి చేతులతో ఎత్తి, ముఖం చిట్లించకుండా పోస్తాడు. చివరికి, ఆచారాల్లో ఎక్కువ భాగం తాను పూర్తి మనిషిగా ఉండగానే నెగ్గానని, తన తల్లిని తక్కువగా చూసిన అత్తగారికి ముఖాన చెబుతాడు. ఆ పాత్రను ఎత్తిన చేతుల్లో అప్పుడు వల్కన్ నెత్తురు లేదు, పెంపకం ఉంది.