వేరుశనగ వేళ్ళ దగ్గర తూము కాపలా

వేరుశనగ మొక్క పీకి చూస్తే వేళ్ళకి ఆవగింజల్లాంటి బుడిపెలున్నాయి, ఇది తెగులా, మందు కొట్టాలా అని ఒక పాఠకుడు అడిగారు. మందు జోలికి పోకండి, ముందు గోటితో గీకండి. టక్కున ఊడొస్తే అది రైజోబియం బాక్టీరియా కాపురం. ఊడకుండా వేరు తానే ఉబ్బినట్టుంటే మాత్రం నులిపురుగుల్ని అనుమానించాలి.

ఊడిన బుడిపెని పూత దశలో బ్లేడుతో కోయండి, లోపల ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్‌ది, మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కి చుట్టం. మొక్కకి ఇదెందుకంటారా, అసలు తమాషా అంతా అక్కడే ఉంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. దాన్ని విడగొట్టే నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ బాక్టీరియా దగ్గర ఉంది, కానీ ఆక్సిజన్ తగిలితే అది చెడిపోతుంది. పోనీ ఆక్సిజన్ పూర్తిగా ఆపేద్దామా అంటే ఒక్క నత్రజని అణువుని విడగొట్టడానికి 16 ఏటీపీలు (కణాలు శక్తిని ఖర్చు పెట్టుకునే చిల్లర నాణేల్లాంటి అణువులు) కావాలి, అంత శక్తి పుట్టాలంటే బాక్టీరియా ఊపిరి పీల్చాల్సిందే. అందుకే లెగ్‌హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని, విడిగా తిరగనివ్వకుండా, కావలసినంతే అందిస్తూ ఉంటుంది.

బడిలో సహజీవనం అంటే నువ్వు నాకు నత్రజని, నేను నీకు చక్కెర అని రెండు మార్కుల జవాబు రాయించి వదిలేస్తారు. బాక్టీరియా చక్కెర తిని నత్రజని ఎగ్గొడితే ఏంటని ఎవరూ అడగరు! 2003లో టోబీ కీర్స్ అనే జీవశాస్త్రవేత్త బృందం సరిగ్గా అదే అడిగింది. సోయాచిక్కుడు వేళ్ళ చుట్టూ మామూలు గాలి తీసేసి ఆర్గాన్, ఆక్సిజన్ కలిపి పెట్టారు. నత్రజనే లేదు కాబట్టి బాక్టీరియా ఎంత మంచివైనా ఇవ్వడానికి ఏమీ లేదు, మొక్క లెక్కలో అవి ఎగవేతదారులే. మొక్క ఆ బుడిపెలకి ఆక్సిజన్ తగ్గించేసింది, అక్కడ బాక్టీరియా సంతతి దాదాపు సగానికి పడిపోయింది. చెరువు కింద వంతు పని ఎగ్గొట్టిన వాడి మడికి తూము బిగించినట్టు. ఊళ్ళో పొత్తులు నిలిచిందీ ఇలాగే, మంచితనంతో పాటు తూము దగ్గర ఒక మనిషి కూడా ఉండబట్టి. మొక్కకి ఆ మనిషి జీతం ఖర్చు లేదు, తూము తన వేళ్ళలోనే ఉంది.

ఇంకో సంగతి, నేలలో నత్రజని పుష్కలంగా ఉంటే మొక్క ఈ కాపురాలు పెట్టించడమే తగ్గించేస్తుంది. ఆకు నల్లగా నిగనిగలాడితేనే పంట అనే నమ్మకంతో యూరియా గుమ్మరించే వాళ్ళు ఊరికే పనిచేసే కూలీలని డబ్బిచ్చి మరీ మాన్పిస్తున్నారు.

పూతప్పుడు కోసిన బుడిపెల్లో ఎరుపు కనబడకపోతే వచ్చే సీజన్‌కి విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే పెంచి అమ్మే ఆ బాక్టీరియానే, పట్టించండి, బెల్లం నీళ్ళలో కలిపి, నీడలోనే ఆరబెట్టాలి. శిలీంద్రనాశిని కూడా వాడేట్టయితే అది ముందు, కల్చర్ చివర. కోతప్పుడు పీకిన మొక్కలో రంగు చూసి కంగారు పడొద్దు, అప్పటికి బుడిపెలు ముదిరి ఆకుపచ్చగా మారిపోతాయి.