ఇంతకీ ఆమె ఏమైంది?

గత శీతాకాలంలో ఒక శనివారం రాత్రి బంజారాహిల్స్‌లోని ఒక చిన్న హాలులో సుమారు నలభై మందిమి కూర్చుని, ఒక యువ దర్శకుడు సొంత డబ్బుతో తీసిన మిస్టరీ చిత్రాన్ని చూశాం. ఒక పల్లెలో ఒక గృహిణి తెల్లవారకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఎందుకు వెళ్ళిందో, ఎక్కడికి వెళ్ళిందో, అసలు బతికి ఉందో లేదో చిత్రం చివరిదాకా చెప్పదు. అందులో ఒక షాట్‌లో అరుగు మీద స్టీలు గ్లాసులో టీ ఉంటుంది. కెమెరా కదలదు. ఆవిరి సన్నబడుతుంది, టీ మీద మీగడ కట్టి ముడత పడుతుంది, ఒక ఈగ గ్లాసు అంచు మీద వాలి లేచిపోతుంది. నిమిషంన్నరకు పైగా సాగిన ఆ షాట్ మధ్యలో నా ముందు వరుసలో ఒక ఫోను వెలిగింది, తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మూడోది. నా పక్కన కూర్చున్న ఆవిడ మాత్రం ముందుకు వంగి, చూపు తిప్పకుండా ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయారు. ఆట ముగిసి దీపాలు వెలిగాక వెనక వరుసలో ఒక కుర్రవాడు తన మిత్రుణ్ణి అడిగిన ప్రశ్న హాలంతా వినిపించింది: "ఇంతకీ ఆమె ఏమైంది భయ్యా?"

ఇటువంటి తేడాను అభిరుచి అనే ఒక్క మాటతో తేల్చెయ్యడం మనకు అలవాటు. ఫోను తీసినవారికి సినిమా చూడటం రాదని ఒకరంటారు, ముందుకు వంగినవారు మేధావి వేషం వేస్తున్నారని మరొకరంటారు. రెండూ అన్యాయమైన మాటలే. ఆ నిమిషంన్నరలో ఆ తలలలో ఏం జరిగి ఉండవచ్చో మనస్తత్వ శాస్త్రం అంతకంటే ఓపికగా చెప్పగలదు.

మన మెదడు తెర మీద కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు లోపలికి తీసుకుని ఊరుకోదు, మరుక్షణంలో ఏం జరగబోతుందో ఎప్పటికప్పుడు అంచనా వేస్తూ ఉంటుంది. అంచనా సరిపోతున్నంత సేపూ అదంతా ఒకే సంఘటనగా సాగుతుంది. అది తప్పిన చోట ఒక సంఘటన ముగిసి మరొకటి మొదలైనట్టు గీత పడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జెఫ్రీ జాక్స్, ఆయన సహచరులు 2007లో వివరించిన సంఘటనా విభజన సిద్ధాంతం సారం ఇదే. మన వ్యాపార చిత్రాలు ఈ గీతలను ప్రేక్షకుడికి తామే గీసి ఇవ్వడంలో ఆరితేరాయి: పాట, ఫైటు, విశ్రాంతికి ముందు వచ్చే మలుపు, అన్నీ 'ఇక్కడికి ఇది అయింది' అని చెప్పే గుర్తులే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో సినిమాలు చూస్తూ పెరిగినవారికి ఇంటర్వెల్ బ్యాంగ్ ఎప్పుడు పడాలో వాచీ చూడకుండానే తెలుస్తుంది. టీ గ్లాసు షాట్‌లో అటువంటి గుర్తు ఒక్కటీ లేదు. పైకి ఏమీ మారనప్పుడు పని లేక మిగిలిన ధ్యాస కాలం మీదికి మళ్ళుతుంది. కాలాన్ని కనిపెట్టి చూసినకొద్దీ అది పొడుగైనట్టు తోస్తుందని ప్రయోగాలలో పదే పదే తేలింది. మీగడ ముడతపడటాన్నే ఒక సంఘటనగా పట్టుకున్నవారికి మాత్రం ఆ షాట్ అంత పొడుగ్గా ఉండదు.

నిదానం కంటే పెద్ద చిక్కు ముగింపులో ఉంది. అస్పష్టతను సహించలేకపోవడం వ్యక్తిత్వానికి సంబంధించిన ఒక లక్షణమని ఎల్సే ఫ్రెంకెల్ బ్రున్స్‌విక్ 1949లోనే రాశారు. 1994లో డోనా వెబ్‌స్టర్, ఏరీ క్రుగ్లాన్‌స్కీ దానికి దగ్గరి విషయాన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. ఏదో ఒక గట్టి జవాబు దొరికితే చాలు, సందిగ్ధం మాత్రం వద్దు అనిపించే ఆ కోరికను తెలుగులో ముగింపు కాంక్ష అనవచ్చు. అది బలంగా ఉన్నప్పుడు మనిషి దొరికిన మొదటి జవాబును చప్పున అందుకుంటాడు, అందుకున్నదాన్ని ఇక వదలడు. ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది మరొకటి: ఈ కాంక్ష మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడా మాత్రమే కాదు, పరిస్థితిని బట్టి ఒకే మనిషిలో పెరుగుతుంది, తగ్గుతుంది. అలసట, గడువు ఒత్తిడి, రొద దాన్ని పెంచుతాయి. 1993లో క్రుగ్లాన్‌స్కీ బృందం ఆ రొదను గడగడమని మోగే ఒక కంప్యూటర్ ప్రింటర్‌తో పుట్టించింది.

ఇది చదివినప్పుడు నాకు మా హాలే కళ్ళ ముందు మెదిలింది. ఏడింటికి మొదలు కావలసిన ఆట ఎనిమిదింటికి మొదలైంది. సగం మంది మాదాపూర్ ఆఫీసుల నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చినవారు. బయట జనరేటర్ మోగుతూనే ఉంది. ఫోను వెలిగించినవారిలో ఒకరిని తర్వాత పలకరిస్తే, తాను చూసింది మెసేజ్‌లు కాదనీ, మియాపూర్ వెళ్ళే చివరి మెట్రో ఎన్నింటికో చూసుకున్నాననీ చెప్పారు. ఆ స్థితిలో ఉన్నవారికి జవాబు లేని ప్రశ్నను ఇచ్చి, దానితో ఇంటికి వెళ్ళమన్నాం.

తెర మీది బొమ్మ మెదడును ఎంతవరకు తన వెంట నడిపిస్తుందో మెదడు శాస్త్రవేత్త ఉరి హాసన్ బృందం, మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానర్ సాయంతో కొలిచి 2008లో ప్రకటించింది. హిచ్‌కాక్ టీవీ కథ ఒకటి చూస్తున్నప్పుడు మెదడు పైపొరలో దాదాపు 65 శాతం మేర ప్రేక్షకులందరిలోనూ ఒకే తీరుగా స్పందించింది. న్యూయార్క్ పార్కులో కెమెరాను ఊరికే నిలబెట్టి తీసిన దృశ్యానికి అది 5 శాతం లోపే. అయితే పోలిక తగ్గినంత మాత్రాన ప్రేక్షకుడు సినిమా వదిలేశాడని అనుకోరాదని ఆ పరిశోధకులే హెచ్చరించారు. మనసు ఎటో పోయినా అలాగే కనిపిస్తుంది, ఎవరికి వారు తమ దారిన గాఢంగా ఆలోచిస్తున్నా అలాగే కనిపిస్తుంది. ముందు వరుసలోని ఆయనా, నా పక్కన ఉన్న ఆవిడా ఆ లెక్కలో ఒకే గడిలో పడతారు.

2017లో యారా యెషురున్, హాసన్, వారి సహచరులు చేసిన పరిశోధన నన్ను ఇంకా ఆలోచింపజేస్తోంది. భార్య ఇంటికి రాలేదని ఒక భర్త రాత్రివేళ మిత్రుడికి ఫోను చేసే ఒక కథను, నిజం ఏమిటో తేలని ఆ కథను, స్కానర్‌లో ఉన్నవారికి వినిపించారు. వినేముందు ఒక గుంపుకు ఆమె ఆ మిత్రుడితోనే ఉందని చెప్పారు, రెండో గుంపుకు భర్తది వట్టి అనుమానమని చెప్పారు. అందరూ విన్నది అవే మాటలు. అయినా కథార్థాన్ని కూడగట్టడంలో పాలుపంచుకునే, డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనే మెదడు భాగాల అల్లికలో ఒక గుంపులోని వారి స్పందనలు ఒకరితో ఒకరికి కలిశాయి, రెండో గుంపువారితో కలవలేదు. ముందుగా చెవిన పడ్డ చిన్న సమాచారం మొత్తం కథను మార్చేసింది.

1960లో కాన్ చిత్రోత్సవంలో ఇటలీ దర్శకుడు ఆంటోనియోని తీసిన 'లావెంతూరా' చిత్రాన్ని ప్రేక్షకులు ఈసడించి కేకలు వేశారు. అందులో ఒక దీవిలో మాయమైన యువతి చివరిదాకా దొరకదు. మర్నాడు పలువురు సినీ ప్రముఖులు, విమర్శకులు ఆ చిత్రాన్ని సమర్థిస్తూ ప్రకటన మీద సంతకాలు చేశారు, దానికి జ్యూరీ బహుమతి వచ్చింది, 1962లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక కోసం విమర్శకులు ఎంచిన అత్యుత్తమ చిత్రాల జాబితాలో రెండో స్థానం దక్కింది. రెండేళ్ళలో అందరి అభిరుచీ మారిపోయిందని నేను నమ్మను. మొదటివారు ఆమె దొరుకుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నారు, తర్వాతివారిలో చాలామంది ఆమె దొరకదని తెలిసే కూర్చున్నారు.

మరుసటి నెల మా హాలులో అదే చిత్రాన్ని మళ్ళీ వేసినప్పుడు, నేను అడిగిన మీదట, నిర్వాహకులు ఆటను ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెట్టారు. మొదలయ్యే ముందు దర్శకుడు వచ్చి, ఆమె ఏమైందో ఈ చిత్రంలో తెలియదని ఒక్క మాట చెప్పి వెళ్ళి కూర్చున్నారు. దీన్ని ప్రయోగం అనలేం. వచ్చినవారు వేరు, వేళ వేరు. టీ గ్లాసు దగ్గర ఈసారి ఒక్క ఫోనే వెలిగింది. ఆట అయ్యాక మెట్ల మీద ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, నేను రెండుసార్లు చూసినా గమనించని సంగతి గురించి వాదించుకుంటున్నారు: చివర్లో ఆ గ్లాసు కడిగి, అరుగు మీద బోర్లించి ఉందట. ఆమె తిరిగొచ్చిందనడానికి అదేం రుజువు, భర్త కడిగి ఉండొచ్చు కదా అని అక్క అంటోంది. చెల్లెలు ఒప్పుకోలేదు. "ఆయన జన్మల ఎన్నడన్న గ్లాసు కడిగిండా అక్కా?"