టెక్నికల్ డెట్: అపోహలు - వాస్తవాలు

రిలీజ్ వెనక్కి జరిగిందంటే చాలు, మీటింగులో ఎవరో ఒకరు "టెక్నికల్ డెట్ బాగా పెరిగిపోయింది" అంటారు. కోడ్‌లో తీర్చకుండా వదిలేసిన పనిని అప్పుతో పోల్చే మాట ఇది; దానివల్ల తర్వాతి ప్రతి పనికీ అదనంగా పడే శ్రమే వడ్డీ. డెవలపర్‌కి అది కోడ్ గురించిన బాధ. మేనేజర్‌కి మాత్రం ఆలస్యానికి చెప్పే సాకులా వినిపిస్తుంది. పాత కోడ్‌బేస్‌లను (ఒక సాఫ్ట్‌వేర్ మొత్తం కోడ్‌ను) నడిపించే పనిలో ఏళ్లుగా ఉన్నాను. నేను గమనించింది ఏమిటంటే, అందరూ అప్పు ఎంత ఉందనే మాట్లాడుకుంటారు, దాని మీద వడ్డీ ఎక్కడ కడుతున్నామని అడిగేవాళ్లు తక్కువ. ఈ అపోహల్లో చాలావరకు ఆ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: టెక్నికల్ డెట్ అంటే చెత్త కోడ్

ఈ పోలికను మొదట తెచ్చింది ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్. వైక్యాష్ అనే ఆర్థిక సాఫ్ట్‌వేర్‌ను స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కట్టిన అనుభవాన్ని 1992లో ఊప్స్లా అనే ప్రోగ్రామింగ్ సదస్సులో వివరిస్తూ వాడారు. మొదటిసారి రాసిన కోడ్‌ను విడుదల చేయడం అప్పు చేయడం లాంటిదనీ, వెంటనే తిరగరాసి తీర్చేస్తే ఆ కాస్త అప్పు పనిని వేగంగా నడిపిస్తుందనీ, తీర్చకుండా వదిలేస్తేనే ప్రమాదమనీ ఆయన వాదన. కోడ్ ఎలాగోలా రాసి పడేయడాన్ని తాను ఎప్పుడూ సమర్థించలేదని తర్వాత ఆయనే స్పష్టంగా చెప్పారు.

అంటే, సమస్య గురించి ఈరోజు మనకు తెలిసినదానికీ కోడ్‌లో ఉన్నదానికీ మధ్య దూరం పెరిగినప్పుడు అప్పు పుడుతుంది. ఒక కస్టమర్‌కు ఒకే చిరునామా ఉంటుందనుకుని డేటాబేస్ డిజైన్ చేశారనుకోండి. కోడ్ శుభ్రంగా ఉంది, టెస్టులున్నాయి, రివ్యూ కూడా అయింది. కొన్నాళ్లకు బిల్లు ఒక చోటికి, సరుకు ఇంకో చోటికి పంపాల్సి వచ్చింది. అదే టేబుల్‌లో రెండో చిరునామాకు ఇంకొన్ని కాలమ్‌లు చేర్చారు. గిఫ్ట్ ఆర్డర్లు వచ్చాక మరికొన్ని. ఇప్పుడు పన్ను లెక్కకు ఏ చిరునామా తీసుకోవాలో ప్రతి ఫీచర్‌లోనూ మళ్లీ మళ్లీ తేల్చుకోవాలి. ఏ లైను చూసినా తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. కానీ చిరునామాను తాకే ప్రతి పనికీ అదనంగా సమయం పోతోంది. వడ్డీ అంటే అదే.

మరోవైపు, ఏడాదికోసారి నడిచే రిపోర్ట్ స్క్రిప్ట్ చూడ్డానికి భయంకరంగా ఉండొచ్చు. ఫలితం సరిగ్గా వస్తోంది, దాన్ని ఎవరూ మార్చాల్సిన పని లేదు. దాని మీద మనం కట్టే వడ్డీ దాదాపు సున్నా. దాన్ని అందంగా తిరగరాయాలన్న ఉబలాటాన్ని ఆపుకోవడం కూడా అప్పు నిర్వహణలో భాగమే.

అపోహ: మంచి టీముకు అసలు అప్పే ఉండదు

యూజర్లకు ఒక ఫీచర్ కావాలో వద్దో తెలియనప్పుడు సింపుల్‌గా కట్టి చూడటం తెలివైన పనే. తెలిసి చేసిన అప్పు వేరు, తెలియక చేసింది వేరు. ఆలోచించి చేసింది వేరు, నిర్లక్ష్యంగా చేసింది వేరు అని సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ 2009లో నాలుగు గళ్లుగా విడదీసి చూపించారు. అసలు ఏ అప్పూ చేయకపోయినా అది మన దగ్గరికే వస్తుంది. వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ మారుతూనే ఉండాలనీ, ప్రత్యేకంగా శ్రమపడి తగ్గించకపోతే దాని సంక్లిష్టత పెరుగుతూనే ఉంటుందనీ మెయిర్ లేమన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970ల్లోనే గుర్తించారు. 2020 జనవరి 1న పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాష వెర్షన్‌కి అధికారిక సపోర్ట్ ఆగిపోయింది. ఒక్క అక్షరం కూడా మార్చని ప్రోగ్రామ్‌లు ఆ రోజు నుంచి సెక్యూరిటీ అప్‌డేట్‌లు రాని పునాది మీద మిగిలాయి.

అపోహ: పనిచేస్తున్న కోడ్ జోలికి వెళ్లకూడదు

ఇందులో సగం నిజం ఉంది. అందుకే ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే.

నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ సంస్థ సంగతి చూడండి. వాళ్ల ఆర్డర్లు పంపే సిస్టమ్‌లో పవర్ పెగ్ అనే ఫీచర్ ఉండేది. 2003లో దాని వాడకం ఆపేశారు కానీ కోడ్ తీసేయలేదు. 2005లో, ఆర్డర్ ఎంతవరకు పూర్తయిందో లెక్కించే భాగాన్ని వేరే చోటికి జరిపారు. వాడటం లేదు కదా అని, ఆ మార్పు తర్వాత పవర్ పెగ్ సరిగ్గా నడుస్తుందో లేదో టెస్ట్ చేయలేదు. 2012లో కొత్త ఫీచర్ కోసం పవర్ పెగ్‌ను ఆన్ చేసే పాత ఫ్లాగ్‌నే (కోడ్‌లోని స్విచ్ లాంటి గుర్తునే) మళ్లీ వాడారు. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లకు వెళ్లాలి, ఒక సర్వర్ మిగిలిపోయింది.

ఆగస్టు 1న మార్కెట్ తెరుచుకోగానే ఆ ఒక్క సర్వర్‌లో పవర్ పెగ్ మేల్కొంది. ఆర్డర్ పూర్తయిందని దానికి తెలిసే దారి లేదు కాబట్టి పంపుతూనే పోయింది. సమస్య కొత్త కోడ్‌లో ఉందనుకుని మిగతా ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. దాంతో ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ నడవడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాల్లో 154 స్టాకుల్లో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి, నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. ఇవన్నీ అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో ఉన్నాయి.

తొమ్మిదేళ్లు ఆ కోడ్ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. కాబట్టి "పనిచేస్తోందా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. "మనం ఇప్పుడు చేసే మార్పు దాకా దీని తీగలు వస్తున్నాయా" అని కూడా అడగాలి. పైన చెప్పిన రిపోర్ట్ స్క్రిప్ట్‌కు అలాంటి తీగలు లేవు, పవర్ పెగ్‌కు ఉన్నాయి. వాడని కోడ్‌నీ, కాలం చెల్లిన ఫ్లాగ్‌లనీ తీసేయడం అన్నిటికన్నా చవకగా తీరే అప్పు. కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో చరిత్ర ఎలాగూ ఉంటుంది, తీసేయడానికి భయపడకండి.

అపోహ: మొత్తం కొత్తగా రాసేస్తే తీరిపోతుంది

బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1998 చివర్లో పాత బ్రౌజర్ కోడ్‌ను పక్కనపెట్టి కొత్తగా కట్టాలని నిర్ణయించుకుంది. 1997లో వచ్చిన నాలుగో వెర్షన్ తర్వాత మళ్లీ పెద్ద వెర్షన్ 2000 నవంబరులో గానీ రాలేదు. అయిదో వెర్షన్ విడుదలే కాలేదు. ఈలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మార్కెట్‌ను తీసుకుపోయింది. ఆ శ్రమ వృథా కాలేదు, ఫైర్‌ఫాక్స్ దాని మీదే పుట్టింది. కానీ అంతకాలం తట్టుకునే శక్తి చాలా కంపెనీలకు ఉండదు.

పాత కోడ్‌లో అర్థంకాని "ఇఫ్" కండిషన్ చాలాసార్లు ఎప్పుడో ఎవరో పరిష్కరించిన బగ్. కొత్తగా రాసినప్పుడు ఆ బగ్‌లన్నీ యూజర్ల ఫిర్యాదులుగా తిరిగొస్తాయి. నేను నమ్మే పద్ధతి ఇది: మార్చబోయే భాగం ఈరోజు ఏం చేస్తోందో, తప్పయినా ఒప్పయినా, అదే ఫలితాన్ని పట్టుకునే టెస్టులు ముందు రాయాలి. తర్వాత పాత సిస్టమ్ ముందు ఒక పొర పెట్టి, ఒక్కొక్క పనినీ కొత్త కోడ్‌కు మళ్లించాలి. కొన్ని రోజులు రెండింటి ఫలితాలూ పోల్చి చూసి, పాత దాన్ని తీసేయాలి. చివరి అడుగు వదిలేసే టీములు చాలా ఉన్నాయి. వాళ్లకు రెండు సిస్టమ్‌లు మిగులుతాయి, అప్పు రెట్టింపవుతుంది.

అపోహ: టూల్ చూపించే నంబరే మన అప్పు

కోడ్‌ను నడపకుండానే పరిశీలించే స్టాటిక్ అనాలిసిస్ టూల్ "ఇన్ని రోజుల డెట్" అని చూపిస్తుంది. పొడవైన ఫంక్షన్లు, కాపీ కొట్టిన లైన్లు దానికి కనిపిస్తాయి. ఆ ఫైల్‌ను ఎవరైనా తెరుస్తున్నారా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. కస్టమర్ చిరునామా లాంటి డిజైన్ లోపం అసలే కనిపించదు.

గిట్ లాగ్ నుంచి గత ఏడాదిలో ఏ ఫైల్ ఎన్నిసార్లు మారిందో తీయండి. ఎక్కువగా మారుతూ, సంక్లిష్టంగా కూడా ఉన్న ఫైళ్లు సాధారణంగా కొన్నే ఉంటాయి. వాటి మీద వచ్చిన బగ్ టికెట్లు (నమోదైన తప్పుల ఫిర్యాదులు) పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టుండే రెండు ఫైళ్లు ఎప్పుడూ కలిసే మారుతున్నాయంటే, వాటి మధ్య ఎవరూ రాసిపెట్టని ఒప్పందం ఏదో ఉన్నట్టే. ఒక మాడ్యూల్‌ను ఒకే మనిషి ముట్టుకుంటున్నారంటే, వాళ్లు సెలవు పెట్టిన రోజు అందరికీ టెన్షనే.

అపోహ: మేనేజ్‌మెంట్ టైమ్ ఇస్తేనే తీర్చగలం

పెద్ద మార్పులకు టైమ్ అడగాల్సిందే. అడిగే తీరు ముఖ్యం. "కోడ్ బాగాలేదు, రీఫ్యాక్టర్ చేయాలి (పని మారకుండా కోడ్‌ను సర్దాలి)" అంటే ఎవరూ ఒప్పుకోరు. "డిస్కౌంట్ లెక్క నాలుగు చోట్ల ఉంది. ప్రతి ఆఫర్‌కీ నాలుగూ మార్చాలి. ఈ మధ్య వచ్చిన తప్పు బిల్లులన్నీ ఏదో ఒక చోటు మర్చిపోవడం వల్లే వచ్చాయి. ఒకే చోటికి తెస్తే వచ్చే ఆఫర్ సగం సమయంలో అవుతుంది" అని చెబితే ప్రొడక్ట్ మేనేజర్ కూడా లెక్క వేసుకోగలరు. చెప్పేముందు టికెట్లు చూసి అది నిజమో కాదో తేల్చుకోండి. ఒక్కసారి అతిశయోక్తి అని తేలితే రెండోసారి మాట వినరు.

చిన్నవాటికి అనుమతి అక్కర్లేదు. ఫీచర్ కోసం ఎలాగూ తెరిచిన ఫైల్‌ను, ఆ ఫీచర్ సులువుగా ఇమిడేలా ముందు సర్దండి. ఆ సర్దుబాటును విడి కమిట్‌గా (గిట్‌లో విడిగా నమోదయ్యే మార్పుగా) పెట్టండి, రివ్యూ చేసేవాళ్లకు ఏది సర్దుబాటో ఏది కొత్త ప్రవర్తనో తెలుస్తుంది. ఇక తెలిసి అప్పు చేస్తే అదే రోజు టికెట్ రాయండి: ఏ ఊహ మీద కట్టాం, ఎందుకు, ఏ పరిస్థితి వస్తే అది చెల్లదు. "రెండో దేశంలో అమ్మకాలు మొదలైతే ఈ పన్ను కోడ్ మార్చాలి" అని రాసి ఉంటే, ఆ దేశం పేరు ప్లానింగ్‌లోకి వచ్చిన రోజే టికెట్ కూడా బయటికొస్తుంది.