దీవి మధ్యలో గట్టు: ఒక సర్వేయరు గదిలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

కందుకూరులో నా గది గోడకు ఒక ప్రపంచ పటం ఉంది. పక్కనే మేకుకు పాత గంటర్ గొలుసు వేలాడుతూ ఉంటుంది. 66 అడుగులు, 100 లింకులు. ఉపగ్రహాలతో కొలిచే యంత్రాలు వచ్చాక దాని పని అయిపోయింది, పారేయడానికి మాత్రం మనసొప్పలేదు. పొలం కొలిపించుకోవడానికి వచ్చినవాళ్లు తమ వంతు వచ్చేదాకా ఆ పటాన్ని చూస్తూ కూర్చుంటారు. ఒకటికి మించిన దేశాలు పంచుకున్న దీవుల మీద నేను ఎర్ర సిరాతో గీతలు దిద్ది పెట్టాను. మాటలు అక్కడే మొదలవుతాయి. ఇరవై ఏళ్లకు పైగా గట్ల తగాదాల్లో నలిగినవాడిని కనుక ఆ గీతలంటే నాకు కొంచెం పిచ్చి. తరచూ వినిపించే మాటలు కొన్ని, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి.

అపోహ: చుట్టూ నీళ్లుంటే అదంతా ఒకే దేశం. సముద్రాన్ని మించిన హద్దు ఏముంటుంది?

ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద దీవి గ్రీన్‌లాండ్. అది ఒక్క డెన్మార్క్ రాజ్యం కిందే ఉంది. రెండోది న్యూగినీ, మూడోది బోర్నియో. ఈ రెండూ చీలిన దీవులే. న్యూగినీలో పడమటి సగం ఇండోనేషియాది, తూర్పు సగం పాపువా న్యూగినీ. బోర్నియోలో ఏకంగా మూడు దేశాలున్నాయి: ఇండోనేషియా, మలేషియా, బ్రూనై. ఇవి కాక ఐర్లాండ్, తిమోర్, హైతీ-డొమినికన్ రిపబ్లిక్‌లు పంచుకున్న హిస్పానియోలా, దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెరా డెల్ ఫ్యూగో, కరీబియన్‌లో బుల్లి సెయింట్ మార్టిన్.

ఎందుకిలా అంటే, పాతకాలంలో సముద్రం గట్టు కాదు, బాట. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించింది ఓడల మీద వచ్చే వర్తకుల కోసమే. (ఆ ఊరు 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది.) పెద్ద దీవులకూ ఓడలు అలాగే వచ్చాయి. ఒక రేవులో ఒక దేశం దిగింది, మరో రేవులో మరొకటి. కోటలు కట్టుకుని మెల్లగా లోపలికి జరిగారు. ఇద్దరూ ఎదురుపడే నాటికి మధ్యలో మిగిలింది వాళ్లలో ఎవరూ కాలు పెట్టని అడవి. దాని మీదే గీత పడింది. ఆ అడవిలో అప్పటికే ఉంటున్నవాళ్లను ఎవరూ అడగలేదని వేరే చెప్పాలా?

ఈ పట్టికలో బ్రిటన్‌ను కూడా కలిపేవాళ్లున్నారు. ఆ దీవిలోని ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ మూడూ ఒకే రాజ్యం కింద ఉన్నాయి. 1707 నుంచి దాని నడుమ దేశాల సరిహద్దు లేదు.

అపోహ: హద్దు వేసేవాళ్లు నేల తిరిగి, నదినో కొండనో చూసుకుని వేస్తారు.

కొన్నిచోట్ల అలా వేసిన మాట నిజమే. బోర్నియోలో 1891లో బ్రిటిష్, డచ్ వాళ్లు కుదుర్చుకున్న ఒప్పందం చాలా మేరకు కొండల వెన్నును పట్టుకుని పోతుంది. వాన నీరు ఇటు జారితే ఇతనిది, అటు జారితే అతనిది. మన చెరువుల పరీవాహకం లెక్క తెలిసిన ఏ రైతుకైనా ఇది ఇట్టే బోధపడుతుంది.

న్యూగినీ గీత చూడండి. 141వ తూర్పు రేఖాంశం పట్టుకుని స్కేలు పెట్టి కొట్టినట్టు దిగుతుంది. మధ్యలో ఫ్లై నది దగ్గర మాత్రం చిన్న పొట్టలా పడమటికి ఉబ్బుతుంది. అక్కడ కొంతదూరం నదినే హద్దుగా ఒప్పుకున్నారు, అది దాటగానే మళ్లీ నిటారు గీత. టియెరా డెల్ ఫ్యూగోలో 1881 ఒప్పందం ప్రకారం 68 డిగ్రీల 34 నిమిషాల పడమటి రేఖాంశం చిలీని, అర్జెంటీనాను విడదీసింది. మేము గట్టు రాయి నుంచి కొలత మొదలుపెడతాం, వాళ్లు నక్షత్రాల నుంచి మొదలుపెట్టారు. గీత గీసేటప్పుడు అది సులువు. గీసిన చోట ఊళ్లు లేచాక తెలుస్తుంది అసలు బాధ. బోర్నియో పక్కనే సెబాటిక్ అనే చిన్న దీవిని 4 డిగ్రీల 10 నిమిషాల ఉత్తర అక్షాంశం ఇండోనేషియాకూ మలేషియాకూ పంచింది. ముందు గది ఒక దేశంలో, వంటిల్లు మరో దేశంలో ఉన్న ఇల్లుందని ఆ దీవి గురించి వార్తలు వచ్చాయి.

పోనీ నదిని పట్టుకుంటే తగాదా ఉండదా? తిమోర్ సంగతి వినండి. 1904లో పోర్చుగీసు, డచ్ వాళ్లు నదుల పేర్లు రాసుకుని ఒప్పందం చేసుకున్నారు. 1909లో కొలతకు వెళ్లిన రెండు పక్షాల అధికారులూ ఒక నది వెంట ఎగువకు నడుస్తూ పోయారు. కొంతదూరం పోయాక అక్కడి జనం ఆ నదిని ఒప్పందంలో ఉన్న పేరుతో పిలవడం లేదు. అందుకని హద్దు మరో చోటు నుంచి పోవాలని పోర్చుగీసు పక్షం పట్టుబట్టింది. తగాదా మధ్యవర్తి దాకా పోయి, 1914లో డచ్ వైపు తీర్పు వచ్చింది.

ఇది చదివిన రోజు నేను ఒంటరిగా కూర్చుని నవ్వుకున్నాను. మా దస్తావేజుల్లో చెక్కుబందీ రాసేటప్పుడు 'ఉత్తరం: వాగు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఏ వాగు? తాతల నాటి వాగా, మొన్నటి వరదకు పక్కకు జరిగిన వాగా? పై ఊరిలో ఒక పేరు, కింది ఊరిలో ఇంకో పేరు. పేరు మీద ఆధారపడిన హద్దు కన్నా లింకుల్లో కొలత రాసిన హద్దు మేలని నేను గొంతు చించుకుని చెబుతుంటాను. దస్తావేజు రాసే పెద్దమనిషి వినడు.

అపోహ: సెయింట్ మార్టిన్‌ను ఇద్దరు మనుషులు నడక పందెం వేసి పంచారు.

ఇది కథగా బాగుంటుంది. ఒక ఫ్రెంచివాడు, ఒక డచ్చివాడు వీపుకు వీపు ఆనించి నిలబడి, తీరం వెంట చెరో దిక్కుకూ నడిచి, ఎదురుపడిన చోటు నుంచి గీత గీశారట. డచ్చివాడు దారిలో జిన్ను తాగి తూలాడట, అందుకే వాళ్ల వాటా తగ్గిందట.

దీవి మొత్తం సుమారు 87 చదరపు కిలోమీటర్లు. ఫ్రెంచి వాటా 53కు దగ్గర, డచ్ వాటా 34కు దగ్గర. అంత తేడా నడకతో రాలేదు. 1648లో ఒప్పందం కుదిరేనాటికి ఆ దరిదాపుల్లో ఫ్రెంచివాళ్ల నౌకాబలం ఎక్కువ. బలం ఉన్నవాడు బేరంలో ఎక్కువ పట్టుకుపోయాడు. గట్టు తగాదాలో పదిమందిని వెంటేసుకుని వచ్చే అన్నదమ్ముడిని చూసినవాళ్లకు దీంట్లో వింత ఏమీ కనిపించదు.

నన్ను ఆశ్చర్యపరిచేది మరొకటి. ఆ ఒప్పందం దీవిని ఇద్దరికీ పంచింది కానీ గీత ఎక్కడెక్కడి నుంచి పోవాలో సరిగ్గా చెప్పలేదు. తూర్పు తీరాన ఆయిస్టర్ పాండ్ అనే నీటిపాయ ఎవరిదన్న చిక్కు అలాగే ఉండిపోయింది. హద్దును ఖరారు చేసే ఒప్పందం మీద సంతకాలు పడింది 2023 మే నెలలో. అంటే మూడు వందల డెబ్బై ఏళ్లకు పైగా స్కెచ్ లేకుండా నడిచిన పంపకం ఇది! అయినా అక్కడ జనం ఒక దేశంలో నిద్ర లేచి రెండో దేశంలో పనికి పోయి వస్తారు. దారిలో గేటు లేదు, అడిగేవాడు లేడు. గీత సరిగ్గా లేకపోతే కొట్టుకు చస్తారని అనుకునే నా వృత్తికి ఇది కొంచెం చిన్నతనమే.

అపోహ: ఉత్తర ఐర్లాండ్ అంటే ఐర్లాండ్ దీవికి ఉత్తరపు కొన.

కాదు. ఉత్తర ఐర్లాండ్ అంటే దీవిలో బ్రిటన్ రాజ్యం కింద ఉన్న భాగం. దీవికి ఉత్తరపు కొన మాలిన్ హెడ్. అది డొనెగల్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), అంటే ఐర్లాండ్ రిపబ్లిక్‌లో ఉంది. 'దక్షిణం' అని పిలిచే దేశం 'ఉత్తరం' కన్నా ఉత్తరానికి పోతుంది.

అసలు చిక్కు పేరుతో కాదు, గీత పుట్టిన తీరుతో. 1920 చట్టంతో దీవిని విడదీసినప్పుడు కొత్తగా కొలత ఏమీ చేయలేదు. 32 కౌంటీల్లో ఆరింటిని ఒకవైపు, 26ను మరోవైపు పెట్టారు. కౌంటీ గీతలు పరిపాలన కోసం ఎప్పుడో వేసుకున్నవి. పొలాల మధ్య నుంచి, దారుల మధ్య నుంచి వంకరటింకరగా పోతాయి. రాత్రికి రాత్రి అవే దేశాల హద్దులయ్యాయి. వాటిని సరిదిద్దడానికి వేసిన సరిహద్దు కమిషన్ 1925లో నివేదిక తయారుచేస్తే, ఆ నివేదికను తొక్కిపెట్టారు. అది బయటికి వచ్చింది 1969లో. సుమారు 500 కిలోమీటర్ల ఆ వంకర గీత అలాగే మిగిలింది. బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి విడిపోవడం వచ్చినప్పుడు లండన్, బ్రసెల్స్ నగరాలను ఏళ్ల తరబడి తలపట్టుకునేలా చేసింది అదే గీత.

కందుకూరు వాళ్లకు దీన్ని అర్థం చేయించడం తేలిక. మా ఊరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. 2022లో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు, కాగితాల మీద జిల్లా పేరు మారింది. ఆ జిల్లా గీతే ఒక ఉదయం పాస్‌పోర్టు అడిగే గీత అయితే? ఒంగోలులో ఇచ్చిన కూతురిని చూడడానికి వీసా అన్నమాట. ఈ మాట అన్నప్పుడు గదిలో నవ్వులు కాస్త తగ్గుతాయి.

అపోహ: సైప్రస్ రెండు దేశాలు.

1974 నుంచి ఆ దీవి నడుమ ఐక్యరాజ్య సమితి కాపలాలో ఒక పట్టీ ఉంది. ఉత్తరాన 1983లో ప్రకటించుకున్న రాజ్యాన్ని గుర్తించింది ఒక్క టర్కీ. కబ్జాలో ఉండడం వేరు, పట్టా ఉండడం వేరు. మా దగ్గరకు వచ్చే సగం కేసులు ఇవే. జనం గుర్తుపెట్టుకోని సంగతి ఇంకొకటి: అక్రోతిరి, ధెకేలియా అనే రెండు సైనిక స్థావరాల నేల 1960 నుంచీ బ్రిటన్‌దే.

అపోహ: కచ్చతీవు సగం మనది, సగం శ్రీలంకది.

1974 ఒప్పందంలో గీత దీవి మధ్య నుంచి కాదు, పడమటి పక్క నుంచి పోయింది. దీవి మొత్తం శ్రీలంక వైపు పడింది. అది సబబా కాదా అన్నది రాజకీయం, నా గొలుసుకు అందదు. పంచిన దీవి మాత్రం కాదు.

బంగాళాఖాతంలో మరో చిత్రం జరిగింది. 1970 నవంబరు తుపాను తర్వాత బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గర ఒక ఇసుక దిబ్బ తేలింది. మనం న్యూమూర్ అన్నాం, వాళ్లు దక్షిణ తల్‌పట్టి అన్నారు. ఇద్దరూ మాదంటే మాదన్నారు. 2010 నాటికి సముద్రం దాన్ని మింగేసింది. 2014లో ట్రిబ్యునల్ సముద్రంలో హద్దు తేల్చేనాటికి పంచుకోవడానికి దీవే లేదు. పెన్న ఒడ్డున మేట వేసిన భూమి కోసం కోర్టుకెక్కి, వాయిదాలు పూర్తయ్యేలోపు వరదకు భూమినే పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

అపోహ: పనికిరాని రాయి కోసం దేశాలు కొలతలు పెట్టుకోవు.

కెనడాకు, గ్రీన్‌లాండ్‌కు నడుమ హాన్స్ దీవి ఉంది. 1.3 చదరపు కిలోమీటర్ల బండ. మనిషి ఉండడు. 1973లో రెండు పక్షాలూ సముద్రంలో గీత గీసుకుంటూ వచ్చి ఈ బండ దగ్గర ఆపి, అవతలి నుంచి మళ్లీ మొదలుపెట్టాయి. తర్వాత ఒకరి జెండా ఒకరు తీసేసి, సీసా ఒకటి వదిలిపెట్టి రావడం ఆనవాయితీ అయింది. కెనడా విస్కీ, డెన్మార్క్ ష్నాప్స్. 2022 జూన్‌లో పంచుకున్నారు. దాంతో కెనడా, డెన్మార్క్ రాజ్యాల నడుమ నేల మీద సరిహద్దు పుట్టింది.

పంచడం ఇష్టం లేక వంతులు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్, స్పెయిన్ నడుమ బిదసోవా నదిలో ఫెజెంట్ దీవి ఆరు నెలలు ఒకరిది, ఆరు నెలలు మరొకరిది. ఆ పద్ధతికి మూలం 1659 ఒప్పందం. మడికి నీటి వంతుల్లాగా.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది మర్కెట్. పేరు విని కూరగాయలు తలచుకోకండి, స్వీడిష్‌లో దానికి 'గురుతు' అని అర్థం. స్వీడన్, ఫిన్లాండ్ నడుమ బాల్టిక్ సముద్రంలో ఎనిమిది ఎకరాల రాయి. 1809లో గీత దాని నడిమధ్యగా పోయింది. ఫిన్లాండ్ రష్యా ఏలుబడిలో ఉన్న కాలంలో, 1885లో, అక్కడ దీపస్తంభం కట్టారు. కట్టింది ఫిన్లాండ్ వైపు వాళ్లు, నేల స్వీడన్‌ది! నూరేళ్లు అలాగే నడిచాక 1985లో గీత మార్చారు. దీపస్తంభం ఫిన్లాండ్‌కు వచ్చేలా గీతను ఒకవైపు వంచి, అంతే నేల స్వీడన్‌కు దక్కేలా రెండోవైపు వంచారు. గీత నీటిని తాకే రెండు కొసలను మాత్రం కదపలేదు. కదిపితే చుట్టూ చేపల వేట హక్కులు కదులుతాయి. అక్కడ హద్దు రాళ్లు కూడా లేవు. పాతితే చలికాలంలో మంచుగడ్డలు ఊడ్చుకుపోతాయని రాతిలోకే రంధ్రాలు తొలిచారు.

మొన్న ఇద్దరు అన్నదమ్ముల పొలం కొలిచాను. అన్న బోరు గది తమ్ముడి వాటాలోకి మూడు సెంట్లు పోయింది. తండ్రి ఉన్నప్పుడు కట్టింది, ఎవరి తప్పూ కాదు. కూల్చాలని తమ్ముడు, గట్టే జరపాలని అన్న. స్కెచ్ వెనకాల మర్కెట్ బొమ్మ గీసి చూపించాను. గది దగ్గర గట్టు ఇటు వంచుదాం, కింద అంతే అటు వంచుదాం, కాలువను తాకే చోటు కదపొద్దు, నీళ్ల వంతు మారదు. అన్న తల ఊపాడు. తమ్ముడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగానే ఉంది సార్. ఆ రాయి మీద వాళ్లు ట్రాక్టరు తిప్పరు కదా. ఇన్ని వంకరలుంటే నేను దున్నేది ఎట్లా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. వచ్చే మంగళవారం మళ్లీ రమ్మన్నారు.