నెల్లూరు మట్టికోట ముందు గడిచిన వేసవి

నెల్లూరులో కోటమిట్ట పేరు రోజూ ఆటోవాళ్ల నోట వింటూనే ఉంటాం. కోట ఏదని అడిగితే మాత్రం చూపించేవాళ్లు దొరకరు. దక్షిణాదిలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఫ్రెంచివాళ్లు ఎలా ఓడిపోయారంటే అందరూ 1760 వందవాసి యుద్ధం దగ్గర మొదలుపెడతారు. నన్నడిగితే 1757 వేసవి నుంచి, అదీ మన నెల్లూరు నుంచి చెప్పుకుంటూ రావాలి.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఏడేళ్ల యుద్ధం 1756లో మొదలైంది. ఆ అక్టోబరులోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవ్ దాదాపు 900 మంది తెల్ల సైనికుల్ని, 1,500 మంది సిపాయిల్ని ఓడలెక్కించి మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకెళ్లాడు. మద్రాసులో మిగిలిన సైన్యం అంతంతమాత్రం. అది చాలనట్టు, నెల్లూరును ఏలుతున్న నజీబుల్లా ఖాన్ తన అన్న ఆర్కాటు నవాబు మీద తిరగబడ్డాడు. శిస్తు వసూలైతేనే నవాబు కంపెనీ బాకీ తీర్చగలడు. అందుకే కర్నల్ ఫోర్డ్‌ను నెల్లూరు మీదికి పంపారు.

అప్పటి నెల్లూరు కోట గోడ చాలావరకు మట్టిదే. పిట్టగోడ పెట్టేటప్పుడే తడిమట్టిలో కాల్చిన మట్టి గొట్టాలు వరసగా పరిచేవాళ్లు. మట్టి ఆరి గట్టిపడ్డాక ఆ గొట్టాలే తుపాకీ పెట్టుకునే కన్నాలు. కుమ్మరి చేసే గొట్టం యుద్ధానికి పనికొచ్చిందంటే ఎంత తెలివో చూడండి! ఫోర్డ్ ఫిరంగులు గోడకు గండి కొట్టాయి గానీ, మే మొదట్లో జరిగిన దాడి కందకం దగ్గరే చెదిరిపోయింది. ఇంతలో మద్రాసు నుంచి కబురొచ్చింది, వెంటనే వెనక్కి రమ్మని. ఫ్రెంచివాళ్లు తిరుచిరాపల్లి మీదికి కదిలారు.

ఫ్రెంచివాళ్లకు అసలు అవకాశం ఇక్కడే ఉంది. క్లైవ్ బెంగాల్లో ఉన్నాడు, ఫోర్డ్ నెల్లూరులో ఇరుక్కున్నాడు, ఇంకో ఇంగ్లీషు అధికారి కెప్టెన్ కాలియాడ్ మదురైలో ఉన్నాడు. తిరుచిరాపల్లిలో ఉన్న కొద్దిమందికి ఫ్రెంచి ఖైదీల కాపలా ఒకటి. ఫ్రెంచి సేనాని దొతెయ్ కోట ముందు విడిది చేసి కూడా గట్టి దెబ్బ కొట్టలేదు. కాలియాడ్ మదురై నుంచి పరుగున వచ్చాడు. దారులన్నీ ఫ్రెంచివాళ్లు కాస్తుంటే, ఎవరూ రారనుకున్న వరిమళ్లలోకి రాత్రిపూట దిగాడు. దమ్ము చేసిన మడిలో నాలుగడుగులు వేసినవాళ్లకు తెలుసు, కాలు తీసి కాలు వేయడం ఎంత కష్టమో. తుపాకులు మోస్తూ మైళ్ల కొద్దీ అలా నడిచి తెల్లవారేసరికి కోట చేరారు. ఫ్రెంచివాళ్లు తిరుగుముఖం పట్టారు.

ఆ జూన్‌లోనే ఉత్తరాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఇంగ్లీషువాళ్ల నుంచి విశాఖపట్నం పట్టుకున్నాడు. అతని సేన ఆ కొసన, పుదుచ్చేరి సేన ఈ కొసన. నడుమ నెల్లూరులో నవాబుకు ఎదురు తిరిగినవాడు ఉండనే ఉన్నాడు. ఈ మూడూ కలిసి ఉంటే మద్రాసు నిలిచేదని నేననుకోను. కలిపే ప్రయత్నమే జరగలేదు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పెద్దలు ఫ్రాన్సు నుంచి రావాల్సిన కొత్త సేనాధిపతి లాలీ కోసం ఎదురుచూస్తూ ఏడాది గడిపేశారు.

లాలీ 1758 ఏప్రిల్‌లో దిగాడు. జూన్ 2న కడలూరు దగ్గరి ఇంగ్లీషువాళ్ల సెయింట్ డేవిడ్ కోట పట్టేసుకున్నాడు. అక్కడి నుంచి నేరుగా మద్రాసుకు పోదామంటే చేతిలో డబ్బు లేదు, ఫ్రెంచి ఓడల అధికారి కలిసిరాలేదు. డబ్బు కోసం తంజావూరు మీద పడి భంగపడ్డాడు. చివరికి బుస్సీని వెనక్కి పిలిపించాడు. బుస్సీ నెల్లూరు మీదుగానే దక్షిణానికి వెళ్లాడు. అతను కదలడంతో ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తా ఆంధ్ర జిల్లాల్లో, ఫ్రెంచివాళ్లు బలహీనపడ్డారు. విజయనగరం రాజు పిలుపుతో బెంగాలు నుంచి ఇంగ్లీషు సేన దిగి, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర గెలిచింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పట్టుకుంది. ఆ సేనను నడిపింది నెల్లూరు నుంచి ఉత్తచేతులతో వెళ్లిన ఫోర్డే.

1759 ఫిబ్రవరిలో లాలీ మద్రాసు ముట్టడి వదిలేసి వెళ్లగానే నజీబుల్లా ఇంగ్లీషువాళ్ల పక్షానికి మారిపోయాడు. తర్వాత మళ్లీ తగువొచ్చింది. 1762లో నెల్లూరు కోటను ముట్టడించి పట్టుకున్నది, ఆ రాత్రి వరిమళ్లలో నడిచిన కాలియాడే.