తప్పిపోయిన రెండు వోల్టులు

సెల్ఫ్ కొడితే 'టక్' అని ఒక్క చప్పుడు. ఇంజన్ కదలదు. హెడ్‌లైట్లు చూస్తే ధగధగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగానే మోగుతోంది. 'లైట్లు బాగున్నాయి కాబట్టి బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మోటారు పోయింది' అని తీర్పు వచ్చేస్తుంది. మోటారు విప్పి రిపేరుకు పంపుతారు. తెచ్చి బిగించాక రెండు రోజులు బాగానే నడిచి, మళ్లీ అదే 'టక్'. ఆ రెండు రోజులైనా నడవడానికి చాలాసార్లు కారణం మోటారు రిపేరు కాదు. దాన్ని బిగించేటప్పుడు కేబుల్ నట్టును కూడా విప్పి బిగించారు, అంతే.

పాత మారుతి 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి ఇది. 796 సీసీ, మూడు సిలిండర్లు. 2000 ప్రాంతం దాకా పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌తోనే వచ్చింది. ఆ మోడళ్లలో కంప్యూటర్ లేదు కాబట్టి స్కానర్ తగిలించి జబ్బేమిటో అడిగే వీలు లేదు. చవకరకం డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, కాస్త ఓపిక ఉంటే చాలు. అయితే ఆ మీటరును ఎప్పుడు పెట్టాలో తెలియాలి. పాత బండిలో లోపాలు ఖాళీగా ఉన్నప్పుడు దాక్కుంటాయి, బరువు పడినప్పుడే, అంటే ఎక్కువ కరెంటు లాగినప్పుడే బయటపడతాయి.

జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. కరెంటును నిరోధంతో గుణిస్తే ఆ చోట పోయే వోల్టేజి వస్తుంది. కేబుల్ కొసన చిలుము పట్టి 0.02 ఓంల నిరోధం పేరుకుందనుకోండి. ఒక హెడ్‌లైట్ బల్బు తీసుకునేది దాదాపు 5 ఆంపియర్లు, కాబట్టి అక్కడ పోయేది 0.1 వోల్టు. కంటికి తేడా తెలియదు. అదే జాయింటు గుండా సెల్ఫ్ మోటారు కోసం 100 ఆంపియర్లు పారితే 2 వోల్టులు పోతాయి. అసలే ఆ బరువుకు కిందికి దిగిన బ్యాటరీ వోల్టేజిలో మరో రెండు పోతే మోటారు తిరగలేదు. లైట్లు వెలుగుతున్నా సెల్ఫ్ తీసుకోకపోవడంలో వింతేమీ లేదన్నమాట.

మీటరును ఓంల మీద పెట్టి ఆ కేబుల్‌ను కొలిస్తే ఏమీ దొరకదు. మీటరు తీగల నిరోధమే అంతకు చాలా రెట్లుంటుంది. కొలవాల్సింది వోల్టులు, అదీ సెల్ఫ్ కొడుతున్నప్పుడు. ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేయండి. ఇంజన్ స్టార్ట్ కాకుండా, ప్లగ్‌లకు నిప్పు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే పాజిటివ్ వైరు తీసి, అది ఎక్కడా తగలకుండా టేపు చుట్టండి. మీటరు 20 వోల్టుల డీసీ మీద ఉండాలి. ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. పైన బిగించిన క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే. నల్ల తీగను సెల్ఫ్ మోటారుకు కరెంటు అందే లావు బోల్టు మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టుకు మించి చూపిస్తే ఆ దారిలో తప్పుంది. తర్వాత పోస్టు నుంచి క్లాంపుకు, క్లాంపు నుంచి కేబుల్ కొసకు, అక్కడి నుంచి సోలనాయిడ్‌కు (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్) ఒక్కో ముక్కనే కొలుచుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు. జాయింటు దగ్గర 2 వోల్టులు, 100 ఆంపియర్లు అంటే 200 వాట్ల వేడి. అందుకే నాలుగైదు సార్లు సెల్ఫ్ కొట్టాక ఏ జాయింటు కాలుతోందో చేతికే తెలుస్తుంది.

ఇప్పుడు ఎర్త్ వైపు. పాత బండ్లలో ఎక్కువ మంది వదిలేసేది ఇదే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరు గుండా కరెంటు పారదు. సెల్ఫ్ మోటారు వాడుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఇంజన్‌కో గేర్ బాక్స్‌కో బిగించిన ఎర్త్ కేబులే దిక్కు. అది తుప్పు పట్టినా, తెగినా కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ ఇవన్నీ ఇంజన్‌ను బాడీకి కలిపే లోహపు తీగలే కదా. సెల్ఫ్ కొట్టినప్పుడు క్లచ్ కేబుల్ వేడెక్కినా, దాని తొడుగు కరిగినా, కొత్త కేబుల్ వేసినా మళ్లీ పాడైనా తప్పు కేబుల్‌ది కాదు, ఎర్త్‌ది. కొలవడం తేలిక. బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ, ఇంజన్ మీద పెయింటు లేని లోహానికీ మధ్య సెల్ఫ్ కొడుతూ చూడాలి. 0.2 వోల్టు దాటకూడదు. వెనక లైట్లదీ ఇదే కథ. బ్రేకు తొక్కితే ఇండికేటర్ బల్బు మసకగా వెలుగుతోందంటే ఆ ల్యాంపు ఎర్త్ వదులైంది. కరెంటు పక్క బల్బు గుండా దారి చేసుకుని పోతోంది.

బాగుచేయడానికి ఖర్చు దాదాపు లేదు. ముందు నెగటివ్ విప్పాలి. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిన క్షణంలో షార్టవుతుంది. గ్లాసుడు వేడినీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి, బ్యాటరీ మూతల్లోకి దిగకుండా పోస్తే తెల్లటి, పచ్చటి పొడి బుసబుసా పొంగి పోతుంది. ఆరాక గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, ఆ పైన పెట్రోలియం జెల్లీ రాయండి. నెగటివ్ చివర బిగించాలి.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. 'టకటకటక' అని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్. సోలనాయిడ్ లాగగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్లీ లాగుతుంది. ఏ చప్పుడూ లేకపోతే సోలనాయిడ్ సన్న వైరు దగ్గర చూడాలి. తాళం తిప్పినప్పుడు అక్కడికి 10 వోల్టులైనా రాకపోతే ఇగ్నిషన్ స్విచ్ అరిగి ఉండొచ్చు. మోటారు గిర్రున తిరిగి ఇంజన్ తిరగకపోతే బెండిక్స్, అంటే మోటారును ఇంజన్‌కు కలిపే పళ్లచక్రం పోయింది.

రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినప్పుడు 13.5 కిందికి దిగితే ముందు బెల్టు బిగువు, తర్వాత ఆల్టర్నేటర్ చూడండి. మనవాళ్లు డైనమో అని పిలిచేది దాన్నే. ఇదే స్థితిలో మీటరును ఏసీ మీదికి మార్చితే అర వోల్టుకు మించి కనిపించిందా, లోపల డయోడు, అంటే కరెంటును ఒకే వైపు పారనిచ్చే భాగం పోయినట్టు. పోయిన డయోడు రాత్రిపూట బ్యాటరీని వెనక్కి లాగేసుకోగలదు కూడా. పొద్దుటికల్లా బ్యాటరీ డౌన్ అవుతుంటే నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కూ పోస్టుకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి కలపండి. అలా ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటరు కాలిపోతుంది. అన్నీ ఆపి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్లకు మించి పారకూడదు. మించితే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోవాలి, ఏది తీసినప్పుడు పడిపోతే లోపం ఆ లైనులో ఉంది. ఆరకుండా మిగిలిన 5 వాట్ల బల్బు ఒక్కటి చాలు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ రెండు రోజుల్లోపే సగానికి దిగిపోతుంది.

మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటి మిస్సింగ్ కొడితే బండి మొత్తం వణుకుతుంది. ఐడిల్‌లో ఒక్కో ప్లగ్ వైరు తీసి చూడండి. తీసినా ఇంజన్ తీరు మారకపోతే పనిచేయనిది ఆ సిలిండరే. తీసిన వైరుకు వేరే ప్లగ్ తగిలించి, దాని ఒంటిని ఇంజన్‌కు ఆనించి ఉంచాలి. వైరును గాల్లో వదిలేస్తే వేల వోల్టులు కాయిల్‌నే చీల్చగలవు. తర్వాత ఆ సిలిండర్ ప్లగ్‌ను పక్కదానికి మార్చండి. జబ్బు ప్లగ్‌తోపాటు కదిలితే ప్లగ్‌దే తప్పు, కదలకపోతే వైరు మార్చి చూడండి. రెండింటితోనూ కదలకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి కొలవాలి. ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో. ప్లగ్‌లకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లుంటే వాటి గ్యాప్ 0.4 నుంచి 0.5 మి.మీ. ఉండాలి. కొత్త పాయింట్లు నెలకే నల్లగా మాడుతుంటే కండెన్సర్ మార్చండి. పాయింట్లు విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వను మింగేది అదే.

ఇక ఎండాకాలం జబ్బు. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నిలబడ్డ బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. దీనికి రెండు కారణాలుండొచ్చు. పెట్రోలులో తేలికపాటి భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి. ఇంజన్‌కు ఆనుకుని ఉన్న మెకానికల్ పంపులో, పైపులో ఆవిరి బుడగ చేరితే పంపు ఆ బుడగనే నొక్కుతూ ఉంటుంది, పెట్రోలు ముందుకు రాదు. పంపు మీద తడిగుడ్డ వేసే పాత అలవాటు వెనక ఉన్న విజ్ఞానం ఇదే. రెండోది ఇగ్నిషన్ కాయిల్. లోపలి సన్నటి తీగ చుట్టలో ఎక్కడో చిట్లి ఉంటే వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారగానే మళ్లీ అతుక్కుంటుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు పాత కార్బురేటర్ బండిలో మరో చిక్కు తెస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రంధ్రాల, అంటే జెట్ల సైజు మాత్రం మారదు. కాబట్టి మిశ్రమం పలచబడి, చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ తడబడుతుంది. పాతకాలపు రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ (లోపలి సన్నటి పొర) ఉబ్బి మెత్తబడొచ్చు. పైపును వేళ్లతో నొక్కి చూడండి. జిగురుగా అనిపించినా, పగుళ్లు కనిపించినా ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేయించండి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే కింద చెప్పబోయే నిప్పు పరీక్ష చేయకండి.

ఎండకు ఆగిన బండిలో తప్పు పెట్రోలుదో కాయిల్‌దో తేల్చాలంటే, ఆగిన వెంటనే ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజన్ ఆపి ఉండగానే కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లీవరును చేత్తో లాగండి. సన్నటి పెట్రోలు ధార పడితే ఇంధనం ఉన్నట్టే. మూత మళ్లీ పెట్టేసి, విడి ప్లగ్ ఒకటి వైరుకు తగిలించి, కార్బురేటర్‌కు దూరంగా ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించండి. నీలంగా చిటపటమనే నిప్పు రావాలి. ధార ఉండి నిప్పు లేకపోతే కాయిల్ వైపు వెళ్లాలి, నిప్పు ఉండి ధార లేకపోతే పంపు, పైపు. ఈ రెండూ చూడటానికి దొరికేది పది నిమిషాలే. చల్లారాక మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే ధారా ఉంటుంది, నిప్పూ ఉంటుంది.